ఇరవై ఏడో పేజీ

నార్సింగి,
9 జూన్ 2025.

పోచయ్య తాతకు నమస్కారం.

నేను నవ్యను. మదీనాగూడలో మీ అద్దె పుస్తకాల షాపుకి రోడ్డవతల సందులో, రెండో అంతస్తులో ఉండిన ప్రొద్దుటూరు అక్కచెల్లెళ్ళలో చిన్నదాన్ని. పెద్దది సంధ్య. మీ బల్ల పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని సగం నవల అక్కడే చదివేసేది కదా, ఆ సంధ్య. నేను గుమ్మంలో నిలబడి "అక్కా, పోదాం పా" అని గొణిగేదాన్ని. గుర్తొచ్చానా?

మీరు షాపు ఎత్తేసి, పుస్తకాలన్నీ మూట కట్టుకుని శంకర్‌పల్లిలో మీ చెల్లెలు నీలమ్మ గారింటికి వెళ్ళిపోయారని జిరాక్స్ షాపు సక్కుబాయి ఫోన్‌లో చెప్పింది. అడ్రసు ఆమె ఇచ్చిందే. ఫోన్ నంబరు అడిగితే నవ్వింది. "ఆయనతోని ఫోన్ల మాట్లాడాల్నంటే గొంతు చినగాలె. మనం ఒకటడిగితే ఆయన ఇంకోటి చెప్తడు" అంది. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద రాసి ఏళ్ళయింది, అప్పుడే చెయ్యి నొప్పి పుడుతోంది.

సంగతేమిటంటే, రాయదుర్గంలో మా ఆఫీసు వాళ్ళం ఐదారుగురం శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యాంటీన్ మూల కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. అందరిదీ ఇంగ్లీషు చదువే. పోయిన వారం మా టీమ్ లీడ్ దినేష్ "తెలుగులో అసలు సస్పెన్స్ రాసేవాళ్ళున్నారా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రుద్రవరం విశాలి పేరు చెప్పాను. ఒక్కరికీ తెలియదు. నేనే చదివిస్తానని మాటిచ్చి కూర్చున్నాను.

తీరా చూస్తే నేను ఆమె నవలలు చదివింది తక్కువ. అక్క చదివి, రాత్రి అన్నం తింటూ చెప్తే విన్నవే ఎక్కువ. కొత్తవాళ్ళకు ఏ నవలతో మొదలుపెట్టించాలో మీరే చెప్పాలి. వీలైతే పంపండి, భద్రంగా తిప్పి పంపిస్తాను.

ఉంటాను,
నవ్య

మరిచాను. "పిలిస్తే పలకొద్దు" ఉంటే అది కూడా పంపండి. ఊరికే.


శంకర్‌పల్లి,
18 జూన్ 2025.

బిడ్డా నవ్యా,

ముప్ఫై కిలోమీటర్ల దూరానికి నీ ఉత్తరం ఐదు రోజులు నడిచి వచ్చింది. నీలమ్మ చదివి వినిపిస్తానంటే వద్దన్నాను. చెవులు పోయాయి గానీ కళ్ళు ఇంకా నావే. నేను మాట్లాడినట్టే రాయాలని కూర్చున్నాను, రాలేదు. నలభై ఏళ్ళు నవలలు చదివిన చెయ్యి, నవలల తెలుగే రాస్తుంది. సర్దుకో.

విశాలిని కొత్తవాళ్ళకు ఇచ్చేటప్పుడు అందరూ ఒకటే తప్పు చేస్తారు. బాగా పేరొచ్చిందని "మేడ మీది బట్టలు" ముందు ఇస్తారు. వాళ్ళు యాభై పేజీలు చదివి, ఇంకా ఎవరూ చావలేదేమని మూసేస్తారు. నువ్వు "తడిసిన తాళం"తో మొదలుపెట్టించు. నూట ఇరవై పేజీలే. ఒక ఇల్లు, ఒక తాళం, ముగ్గురు మనుషులు. ఆమె నవలల్లో నెత్తురు పెద్దగా ఉండదు బిడ్డా. ఉండకూడని గుమ్మం ముందు ఒక చెప్పుల జత ఉంటుంది. అంతే, మనకు గుండె జారుతుంది. నేరం చేసినవాణ్ణి మొదట్లోనే తెచ్చి మన ఎదురుగా కూర్చోబెట్టి టీ తాగిస్తుంది, అయినా మనం వాడి వంక చూడం. కొందరు రచయితలు మూడొందల పేజీలు కొండను తవ్వి ఎలుకను పడతారు. ఈమె ఎలుక కలుగును చూపించి, లోపల కొండ ఉందని చెప్తుంది.

ముగింపు మాత్రం ఎవరికీ చెప్పకు. కాళ్ళ మీద పడ్డా చెప్పకు.

మన షాపు పద్ధతి కూడా వాళ్ళకు నేర్పు. ప్రతి పుస్తకం ఇరవై ఏడో పేజీలో నేను షాపు ముద్ర వేసేవాణ్ణి కదా. చదవడం పూర్తయినవాళ్ళు ఆ పేజీ అంచున పెన్సిల్‌తో తమ గుర్తు పెట్టుకోవాలి, చదివిందే మళ్ళీ పట్టుకుపోకుండా. పాల బూత్ ఆయనది గంట. టీచరమ్మది గాజు. మీ అక్కది సగం సూర్యుడు, పైన మూడు కిరణాలు. "ఇది పొద్దు పొడిచేదా, గూకేదా బిడ్డా?" అని అడిగితే "పేరే సంధ్య కదా తాతా, రెండూ" అనేది. చివరి పేజీ చదవకుండా గుర్తు పెడితే మన షాపులో దొంగతనం కింద లెక్క.

"తడిసిన తాళం", "మేడ మీది బట్టలు", కొత్తది "వెనక సీటు మనిషి" పంపుతున్నాను. ఈ వరసలోనే ఇవ్వు.

నీ
పోచయ్య తాత


నార్సింగి,
7 జూలై 2025.

తాతా,

మీ వరస గెలిచింది. పింకీ అని ఉప్పల్ అమ్మాయి ఉంది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. సాయంత్రం మెట్రో ఎక్కి "తడిసిన తాళం" తెరిచిందట. ఉప్పల్ దాటిపోయి నాగోల్‌లో రైలు ఖాళీ అయ్యాక తలెత్తింది. మర్నాడు నా సీటు దగ్గరికొచ్చి "ఏందక్కా, నన్ను గిట్ల పరేషాన్ చేస్తున్నవ్? తాళం తడిపిందెవరో జర చెప్పరాదు" అని బతిమాలింది. చెప్పలేదు. దినేష్ అయితే నేరస్థుడు ఎవరో తేల్చేశానని అందరి ముందు బోర్డు మీద బాణాలు గీసి మరీ వివరించాడు. తప్పు మనిషిని పట్టుకున్నాడు. ఆ శుక్రవారం మా నవ్వులకు పక్క టేబుళ్ళ వాళ్ళు లేచి చూశారు.

ఇంతవరకూ బాగుంది తాతా. ఇక అసలు మాట.

"వెనక సీటు మనిషి" పోయిన శుక్రవారం తెరిచాను, ఎవరికైనా ఇచ్చే ముందు గుర్తుల పద్ధతి చూపిద్దామని. ఇరవై ఏడో పేజీలో షాపు ముద్ర ఉంది. దాని పక్కన సగం సూర్యుడు. మూడు కిరణాలు. మధ్య కిరణం కాస్త పొడుగ్గా, అక్క వేసినట్టే.

మొదటి పేజీకి వెళ్ళి చూశాను. మొదటి ముద్రణ డిసెంబర్ 2023. అక్క పోయింది 2022 ఆగస్టు పదకొండున.

వేలితో రుద్దితే పెన్సిల్ నలుపు అంటింది. పట్టపగలు, చుట్టూ అంతమంది, పైన అన్ని లైట్లు. పుస్తకం చటుక్కున మూసేశాను. పింకీ "ఏమైందక్కా?" అని అడుగుతుంటే ఏదో మెయిల్ వచ్చిందని అబద్ధం చెప్పి లేచిపోయాను. అప్పట్నుంచి ఆ పుస్తకం నా బీరువాలో బట్టల కింద ఉంది. పక్క గదిలో ఎవరో చదువుకుంటున్నట్టు ఉంటోంది ఇంట్లో. పేజీ తిప్పిన చప్పుడు. నేను ఒక్కదాన్నే ఉంటాను తాతా.

ఈ గుర్తు ఎవరు పెట్టారు?

మీరు "పిలిస్తే పలకొద్దు" పంపలేదు. దాని మాటే ఎత్తలేదు. అది అక్క చదివిన చివరి పుస్తకమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. దయచేసి పంపండి.

నవ్య


శంకర్‌పల్లి,
16 జూలై 2025.

బిడ్డా,

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నీలమ్మ మోకాళ్ళ నొప్పులతో దవాఖాన చుట్టూ తిరుగుతోంది. నాకూ ఒంట్లో అంతగా బాగుండటం లేదు.

ఆ గుర్తు గురించి ఫికర్ పెట్టుకోకు. షాపుకి వందల మంది వచ్చేవాళ్ళు. సగం సూర్యుడు గీయడం ఎంత పని? ఇంకెవరో పెట్టి ఉంటారు. పాత పుస్తకాల్లో ఇలాంటివి సవాలక్ష. పగలు పని, రాత్రి నిద్ర, అట్లా ఉండాలి ఈ వయసులో.

"పిలిస్తే పలకొద్దు" కాపీకి చెదలు పట్టింది. పారేశాను. అయినా కొత్తవాళ్ళకు అది పనికిరాదు, గట్టి గుండె ఉన్నవాళ్ళు చదవాల్సింది. దాని బదులు "చెరువు గట్టు ఇల్లు" పంపుతున్నాను. మీ దినేష్ బోర్డు మీద ఎన్ని బాణాలైనా గీసుకోవచ్చు.

పోచయ్య


నార్సింగి,
28 జూలై 2025.

తాతా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. మీరు పుస్తకం పారేశారా? తడిసిన వారపత్రికను కూడా ఇస్త్రీ చేసి దాచే మనిషి మీరు. వెయ్యి సస్పెన్స్ నవలలు చదివారు గానీ అబద్ధం ఆడటం రాలేదు మీకు.

పోయిన ఆదివారం మదీనాగూడ వెళ్ళాను. మూడేళ్ళలో మొదటిసారి. మీ షాపులో ఇప్పుడు ఫోన్లకు కవర్లు అమ్ముతున్నారు. మీ స్టూలు ఉండే చోట అద్దాల బీరువా పెట్టారు. రోడ్డు దాటబోయి, దాటలేక, ఇవతలే అరగంట నిలబడి వచ్చేశాను.

మీకు నిజం చెప్తాను. అప్పుడు మీరూ చెప్పక తప్పదు.

పుస్తకాల గుంపు నిజమే, దినేష్ నిజమే. కానీ వాళ్ళ కోసం కాదు నేను మీకు రాసింది. ఆ ఒక్క కాపీ కోసం. ఆ రోజు నేను ఆఫీసు నుంచి త్వరగా వచ్చాను. ఇంటి తాళంచెవి మాకు ఒక్కటే, అది అక్క దగ్గర ఉంది. తలుపు బయట నిలబడ్డాను. వాన మొదలైంది, తలనొప్పి, ఆకలి. అక్కకు ఫోన్ చేశాను. "తాత దగ్గర ఉండా, వచ్చేస్తాలే" అంది. నాకు కోపం నెత్తికెక్కింది. "వస్తే ఇప్పుడే రా, లేకుంటే ఇంక రానే రావాకు" అని అరిచి పెట్టేశాను.

అదే నేను అక్కతో మాట్లాడిన చివరి మాట. రోడ్డు దాటుతుంటే లారీ కొట్టింది. ఆస్పత్రిలో అక్క సంచి నా చేతికిచ్చారు. అందులో ఉన్న తాళంచెవితోనే ఆ తలుపు తీశాను. ఈ మాట మా అమ్మకు కూడా చెప్పలేదు.

మూడేళ్ళుగా ఒకటే లెక్క నాది. ఆ పుస్తకం ఇరవై ఏడో పేజీలో అక్క గుర్తు ఉంటే, అక్క కథ పూర్తి చేసుకుని, తీరిగ్గా, తన ఇష్టంతో లేచి వచ్చిందని. గుర్తు లేకపోతే, నేనే మధ్యలో గుంజుకొచ్చి ఆ రోడ్డు మీద పడేశానని. పిచ్చి లెక్కే. కానీ నాకు వేరే లెక్క లేదు. ఆ సూర్యుణ్ణి చూసినప్పట్నుంచి ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు ఇరవై ఏడో పేజీ చూస్తున్నాను. ఆఫీసులో ట్రైనింగ్ కాగితాల్లో కూడా చూస్తున్నాను.

"రానే రావాకు" అన్నాను కాబట్టి రాలేక, పుస్తకాల్లోకి వస్తోందా తాతా?

ఉన్నదున్నట్టు పంపండి.

నవ్య


శంకర్‌పల్లి,
12 ఆగస్టు 2025.

నవ్యా, నా తల్లీ,

నిన్న పదకొండో తారీఖు. పొద్దంతా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇవాళ రాస్తున్నాను.

"వెనక సీటు మనిషి"లో గుర్తు పెట్టింది నేనే.

విశాలి కొత్త నవల వస్తే మొదటి కాపీ మీ అక్కకే అని నాకూ ఆమెకూ ఒప్పందం. పార్సిల్ కట్టు విప్పడం కూడా ఆమె చేతితోనే. ఆ బిడ్డ పోయాక వచ్చిన నవల ఇది. ఇంకెవరికి ఇవ్వను? ఆమె స్టూలు పక్కన వేసుకుని నేనే పైకి చదివాను, చివరి పేజీ దాకా. చదివినట్టు ఆమె గుర్తు పెట్టాను. ముసలివాడి పిచ్చి. ఆ తర్వాత షాపు నడపలేకపోయాను. నీకు పంపేటప్పుడు అందులో ఆ గుర్తు ఉందని తెలిసే పంపానో, మరిచిపోయి పంపానో, నాకే తెలియదు. నిన్ను అంత భయపెట్టినందుకు నా చెంపలు నేనే వేసుకోవాలి.

ఇక రెండోది. "పిలిస్తే పలకొద్దు" ఈ కట్టలో ఉంది. ఇరవై ఏడో పేజీ ఖాళీ.

మూడుసార్లు పెన్సిల్ పట్టుకున్నాను బిడ్డా. ఆ సగం సూర్యుణ్ణి నేను ఎంత బాగా గీస్తానో నువ్వు చూశావు. గీసి పంపితే నీకు నిద్ర పట్టేది. మూడుసార్లూ చెయ్యి ఆగింది. చివరి పేజీ చదవకుండా గుర్తు పెట్టడం దొంగతనమని చెప్పినవాణ్ణి నేనే.

ఆ రోజు జరిగింది విను. కాపీ అప్పుడే వచ్చింది. మధ్యాహ్నం నుంచి స్టూలు మీదే ఉంది. ఐదున్నరకు పుస్తకం మూసి లేచింది. "పోతా తాతా, చెల్లి వస్తాది" అంది. అప్పటికి వాన లేదు. రోడ్డు పొడిగా ఉంది. నేనే ఆపాను. "జర కూసో బిడ్డా, ఇరవై పేజీలే గద మిగిలినయి. సదివి పో. ఆ ముగింపు గురించి ఇయ్యాల్నే మాట్లాడుకుందాం" అన్నాను. నాకు తోచుబాటు కోసం. వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడే నేను చదివేశాను, ఆ ముగింపు గురించి మాట్లాడటానికి నాకు మనిషి కావాలి. కూర్చుంది. కూర్చుంది గానీ పేజీ తిప్పలేదు, నాతో ముచ్చట్లలో పడింది. వాన వచ్చింది. నీ ఫోన్ వచ్చింది. వెంటనే లేచింది. నూట తొంభై ఒకటో పేజీలో పార్సిల్ దారం పెట్టి నా చేతికిచ్చింది. "మరి ముగింపు?" అన్నాను. నవ్వింది. "ముగింపు యాడికి పోతాదిలే తాతా. నా చెల్లెలు వానలో ఉండాది" అంది.

ఆమె మొహంలో కోపం లేదు, భయం లేదు. ఇది నీ కోసం కల్పించి రాస్తున్నది కాదు. కల్పించేవాణ్ణయితే గుర్తే గీసి పంపేవాణ్ణి.

నువ్వు పిలిచావని మూడేళ్ళు ఏడ్చావు. నేను ఆపానని మూడేళ్ళు నోరు మూసుకున్నాను. నేను ఆపకపోతే పొడి రోడ్డు మీద ఇంటికి చేరేది. తప్పు పంచుకుందామంటే పెద్ద వాటా నాదే.

దారం పెట్టిన చోటే ఉంది. ఆ రోజు నుంచి ఆ కాపీ ఎవరూ చదవలేదు. ఇరవై ఏడో పేజీ తప్ప నేనూ ఇంకేదీ తెరవలేదు.

పోచయ్య


నార్సింగి,
8 సెప్టెంబర్ 2025.

తాతా,

పుస్తకం అందిన రోజు అట్టను తాకలేకపోయాను. రెండో రోజు ఇరవై ఏడో పేజీ తీశాను. మీ ముద్ర తప్ప ఏమీ లేదు. చాలాసేపు ఏడ్చాను. ఆ ఖాళీని చూశాక, మీ ఉత్తరంలో ప్రతి మాటా నమ్మాను.

ఒంటరిగా చదివే ధైర్యం లేక శుక్రవారం గుంపుకి తీసుకెళ్ళాను. అక్క గురించి మొదటిసారి వాళ్ళకు చెప్పాను. దినేష్ లేచి వెళ్ళి అందరికీ టీ తెచ్చాడు. మొత్తం పుస్తకం ఒక్కొక్కరం కొన్ని పేజీలు పైకి చదవాలని అనుకున్నాం. మూడు శుక్రవారాల పని రెండింటిలో అయిపోయింది, మధ్యలో లేవాలంటే ఎవరికీ మనసు రాలేదు.

నూట అరవై మూడో పేజీ పింకీ వంతు. చదువుతూ ఆగింది. "అక్కా, ఈడ ఎవరో ఏదో అక్షరం రాసిన్రు" అంది.

మీకు తెలియని సంగతి ఒకటుంది తాతా. అక్కకూ నాకూ ఒక పందెం ఉండేది. నేరస్థుడు ఎవరో తనకు తేలిపోయిన పేజీలో అక్క ఆ మనిషి పేరులో మొదటి అక్షరం అంచున చిన్నగా రాసి, చుట్టూ సున్న చుట్టేది. ఇంటికొచ్చి కథ చెప్పేటప్పుడు ఆ పేజీ నంబరు గొప్పగా చెప్పేది. అక్క ఊహ తప్పితే ఆ పూట అంట్లు తను తోమాలి, సరిగ్గా పట్టుకుంటే నేను తోమాలి. పుస్తకం తిరిగిచ్చే ముందు ఆ అక్షరం చెరిపేసేది, మీరు తిడతారని. అందుకే మీ కంట పడలేదు. మీరు గీయగలిగింది సూర్యుణ్ణే, ఈ అక్షరం సంగతి మీకు తెలిసే దారే లేదు. తలకట్టు పొడుగ్గా సాగదీసి, అక్క చేతిరాతే.

పింకీని చదవమన్నాను. నూట తొంభై ఒకటి వచ్చింది. దారం తీసి నా చేతికి చుట్టుకున్నాను. ఆ చివరి ఇరవై పేజీలు నేనే చదివాను. మధ్యలో ఎవరికీ ఇవ్వలేదు.

అక్క సరిగ్గానే పట్టుకుంది తాతా. ఆ అక్షరం ఏదో ఈ ఉత్తరంలో రాయను. మీరు లేనప్పుడు నీలమ్మ గారు చదివితే? ఆమె ఇంకా ఆ నవల చదివి ఉండరేమో.

ఇప్పుడు చూడండి. అక్కకు నూట అరవై మూడో పేజీలోనే ముగింపు తెలుసు. ఐదున్నరకు మూసి లేచింది అందుకే. మీరు కూర్చోమన్నాక పేజీ తిప్పకపోవడం కూడా అందుకే. తనకు తెలిసిపోయిందని చెబితే మీ సరదా చెడుతుందని ఊరుకుంది. ఇద్దరం ఆ పుస్తకమే అక్కను పట్టి ఉంచిందనీ, దాన్నుంచి నేను గుంజుకొచ్చాననీ అనుకున్నాం. పుస్తకం పట్టి ఉంచలేదు. మీ మీద ఇష్టంతో కూర్చుంది, నా మీద ఇష్టంతో లేచింది.

ఇది నాకు ఓదార్పో, ఇంకో బాధో రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ ఏడుపొస్తోంది. కానీ నా పిచ్చి లెక్క మాత్రం పోయింది. ఆ లెక్కలో నేనున్నాను, మీరున్నారు, లారీ ఉంది. అక్కే లేదు. అక్క తనంతట తాను లేచిందన్న మాట నాకు మూడేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

చివర్లో అందరూ ఇరవై ఏడో పేజీలో గుర్తులు పెట్టారు. పింకీ మెట్రో పెట్టె గీసింది. దినేష్ బాణం. నాకు ఇంతవరకు గుర్తు లేదు కదా, తాళంచెవి గీశాను. పింకీ ముద్ర పక్కన చోటు చూపించి "అక్క సూర్యుణ్ణి ఈడ నువ్వే ఎయ్యి" అంది. వేయలేదు. దొంగతనం అవుతుంది. ఆ చోటు అట్లాగే వదిలాం.

ఇంట్లో పేజీలు తిప్పే చప్పుడు ఇంకా అప్పుడప్పుడూ వినిపిస్తోంది. ఇప్పుడు దీపం వేసి చూడటం లేదు. నిన్న సాయంత్రం వాన పడుతుంటే తలుపు తీసిపెట్టి గట్టిగానే అన్నాను, "ఆ పొద్దు రావాకు అన్న మాట వెనక్కి తీసుకుంటాండా అక్కా, నీకు ఎప్పుడు రాబుద్ధయితే అప్పుడు రా" అని. పందెం ప్రకారం అంట్లు నా వంతు. తోమేసి పడుకున్నాను.

"చెరువు గట్టు ఇల్లు" మొదలుపెట్టాం. మీరు ఒక శుక్రవారం రాయదుర్గం రావాలి. క్యాంటీన్‌లో అంతా స్టీలు కుర్చీలే. మీ కోసం ప్లాస్టిక్ స్టూలు ఒకటి కొన్నాను, దానికి తోడుగా ఇంకొకటి కూడా.

మీ
నవ్య